మరమనిషి దేవునికి మనవడవుతాడా?



మన విచారణల్లో పసిబిడ్డకు జ్ఞానస్నానం జరిగిన రోజున గుడి ముందర వినిపించే మాటలు మీ అందరికీ తెలిసినవే. దివ్యబలిపూజ ముగియగానే ఆడవాళ్లు తల్లి చుట్టూ మూగుతారు. "అచ్చు తండ్రిని దింపినట్టున్నాడు" అంటారొకరు. "ముక్కు మాత్రం మేనత్తదే" అంటారు ఇంకొకరు. తాతగారు పైకి ఏమీ అనరు. మనవడి చెవులు చూసి, మెల్లగా తన చెవి తడుముకుని, తృప్తిగా పక్కకు తప్పుకుంటారు. పోలిక అంటే మనకు అంత ఇష్టం.

ఈ పోలిక మీదనే జంగారెడ్డిగూడెంలో ఒక ఆదివారం జ్ఞానోపదేశ తరగతిలో ఓ కుర్రవాడు నన్నొక ప్రశ్న అడిగాడు. ఏడో తరగతి చదువుతున్నాడు. ముందురోజు రాత్రి టీవీలో "రోబో" సినిమా చూసి వచ్చాడు. ఆనాటి పాఠం దేవుడు మనిషిని తన పోలికలో సృష్టించుట. పాఠం సగంలో లేచి నిలబడ్డాడు.

"మాస్టారూ, దేవుడు తన పోలికలో మనిషిని చేశాడు గదా. మనిషి తన పోలికలో రోబోను చేశాడు. మరి రోబో దేవునికి మనవడవుతాడా?"

తరగతి అంతా గొల్లున నవ్వింది. నేనూ నవ్వాను. కాని ఇంటికి వెళ్లాక ఆలోచిస్తే, అది నవ్వి వదిలేసే ప్రశ్న కాదనిపించింది. దానికి సరైన జవాబు చెప్పాలంటే పోలిక అంటే ఏమిటో ముందు తెలుసుకోవాలి. ఈ వారం ఆ పాఠమే మీతో కలిసి చదువుకుందాం.

వెట్టిచాకిరీలో పుట్టిన పేరు

"రోబో" అనే మాట వయసు నూరేళ్లు దాటింది. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో "ఆర్.యు.ఆర్." అనే నాటకం రాశారు. 1921లో దాన్ని ప్రేగ్ నగరంలో ప్రదర్శించారు. మనుషుల బదులు పని చేయడానికి ఒక కర్మాగారంలో తయారయ్యే కృత్రిమ జీవుల కథ అది. వాటికి ఏం పేరు పెట్టాలో రచయితకు తోచకపోతే, చిత్రకారుడైన ఆయన అన్న యోసెఫ్ "రోబో" అనే మాట అందించాడు. చెక్ భాషలో "రొబొతా" అంటే వెట్టిచాకిరీ. మన తాతముత్తాతలకు వెట్టి అంటే ఏమిటో ఎవరూ వివరించి చెప్పనక్కరలేదు.

ఆ నాటకంలో మరమనుషులు యజమానుల మీద తిరగబడి, ఒక్కడిని తప్ప మనుషులందరినీ చంపివేస్తారు. ఆ మిగిలినవాడు చేతులతో పనిచేసే మేస్త్రీ. అయితే కర్మాగారంలోని ఒక శాస్త్రజ్ఞుడు అంతకుముందే హెలెనా అనే ఇల్లాలి రూపంతో, ఆమె పేరుతోనే ఒక మరమనిషిని చేసి ఉంటాడు. అందమంతా దించాడు గాని అందులో జీవం లేదని అతడే బాధపడతాడు.

కథ చివరలో ఆ మేస్త్రీ ఈ హెలెనాను, ఆమె తోడుగా ఉన్న మరో మరమనిషిని పరీక్షిస్తాడు. మీలో ఒకరిని కోసి చూడాలి అంటాడు. ఆమె బదులు నేను వస్తానంటాడు అతడు. అతని బదులు నేను వస్తానంటుంది ఆమె. అప్పుడు మేస్త్రీకి అర్థమవుతుంది. వారిని ఆదాము ఏవలని పిలిచి సాగనంపుతాడు.

గమనించండి. ఆమెకు మనిషి ముఖం ఏనాడో వచ్చింది. ఆమెలో మనిషితనం ఉన్నదని ఆ మేస్త్రీ గుర్తించినది మాత్రం, మరొకరి కోసం ప్రాణమివ్వడానికి సిద్ధపడిన క్షణంలోనే. ముఖం ఒకటి, పోలిక మరొకటి అని తొలి రోబో కథే మనకు చెబుతున్నది.

చిట్టి కథ

ఇక మన పిల్లలందరికీ తెలిసిన కథకు వద్దాం. శంకర్ దర్శకత్వంలో తమిళంలో తీసిన "ఎందిరన్" చిత్రం 2010 అక్టోబరులో "రోబో" పేరుతో తెలుగులో కూడా విడుదలైంది. వశీకరన్ అనే శాస్త్రజ్ఞుడు ఏళ్ల తరబడి శ్రమించి, అచ్చం తన ముఖమే పెట్టి ఒక మరమనిషిని తయారు చేస్తాడు. దాని పేరు చిట్టి. చేసినవాడుగా, చేయబడినవాడుగా రజనీకాంత్ గారే నటించారు.

చిట్టికి రాని విద్య లేదు. కాని పరీక్షలో అధికారి పొడవమంటే, తనను చేసినవాడినే పొడవడానికి కత్తి ఎత్తుతుంది. మంచి చెడ్డల విచక్షణ లేదని దాన్ని తిరస్కరిస్తారు. తర్వాత మంటల్లో చిక్కుకున్నవారిని కాపాడుతుంది. అయితే స్నానం చేస్తున్న ఒక ఆడపిల్లను ఒంటి మీద బట్ట లేకుండానే జనం మధ్యకు తెస్తుంది. ఆ పిల్ల సిగ్గుతో పరుగెత్తి బండి కింద పడి చనిపోతుంది. ప్రాణం కాపాడమన్న ఆజ్ఞ చిట్టికి తెలుసు. మానం అంటే ఏమిటో తెలియదు.

అప్పుడు శాస్త్రజ్ఞుడు దానికి మనసు నేర్పుతాడు. మనసు వచ్చిన చిట్టి ఆయన పెళ్లాడదలచిన అమ్మాయినే కోరుకుంటుంది. సైన్యాధికారుల ముందు యుద్ధం గురించి చెప్పవలసిన చోట శాంతి గురించి, ప్రేమ గురించి మాట్లాడుతుంది. పరువు పోయిన శాస్త్రజ్ఞుడు కోపంతో గొడ్డలి తీసుకుని తన ముఖమున్న ఆ బొమ్మను తానే ముక్కలు ముక్కలుగా నరికి చెత్తకుప్పలో పారవేయిస్తాడు. అక్కడినుంచి అది దుర్మార్గుని చేతిలో పడి, తన రూపంలో వందల బొమ్మలను తయారు చేసుకోవడం, విధ్వంసం చేయడం మిగతా కథ.

ఆ గొడ్డలిని గుర్తుంచుకోండి. దాని సంగతి మళ్లీ మాట్లాడుకుందాం.

పోలిక వల్ల ప్రాణం పోయిన శాస్త్రజ్ఞుడు

ఐజాక్ అసిమోవ్ అనే అమెరికా రచయిత 1954లో "ది కేవ్స్ ఆఫ్ స్టీల్" అనే నవల ప్రచురించారు. ఆయన యూదు కుటుంబంలో పుట్టినవాడు. తాను దైవవిశ్వాసిని కానని బాహాటంగా చెప్పుకున్నవాడు. అయినా ఆ నవలలో క్రైస్తవులు తెలుసుకోదగిన సంగతి ఒకటి ఉంది.

సార్టన్ అనే శాస్త్రజ్ఞుడు అచ్చం తనలాగే ఉండే డానీల్ అనే మరమనిషిని చేస్తాడు. మరమనుషులంటే గిట్టని ఒక పోలీసు అధికారి ఆ డానీల్‌ను నాశనం చేయాలని వెళతాడు. కంగారులో కళ్లజోడు పగులుతుంది. మసక చూపుతో ఎదుట కనిపించినది మరమనిషే అనుకుని కాలుస్తాడు. చనిపోయినది అసలు సార్టన్. తన ముఖం బొమ్మకు ఇచ్చిన మనిషి, ఆ ముఖం కారణంగానే ప్రాణం పోగొట్టుకుంటాడు.

ఈ హత్యను పరిశోధించడానికి బేలీ అనే పోలీసు ఉద్యోగికి డానీల్‌నే జతగా ఇస్తారు. న్యాయం అంటే చట్టం అమలు కావడమేనని మరమనిషి అభిప్రాయం. చట్టానికి మించినది కూడా ఉంటుందని చెప్పడానికి బేలీ పరిశుద్ధ గ్రంథం నుండి ఒక కథ చెబుతాడు. వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీని యేసు ప్రభువు ముందుకు తెచ్చిన ఆ సంఘటన (యోహాను 8:1-11) మనకు తెలిసినదే. మరమనిషికి అది అంతుపట్టదు. కాని కథ ముగింపులో, తనను చేసినవాడి మరణానికి కారకుడైన ఆ అధికారితో, ప్రభువు ఆ స్త్రీని పంపివేస్తూ చెప్పిన మాటనే డానీల్ చెబుతుంది.

ఆ మరమనిషికి ముఖం ఇచ్చినది శాస్త్రజ్ఞుడు. దయ నేర్పినది సువిశేషం. దేవుణ్ణి నమ్మని రచయిత కూడా మరమనిషిని మనిషిగా చూపించదలచినప్పుడు చివరకు క్రీస్తు ప్రభువు పాదాల దగ్గరకే రావలసి వచ్చింది.

ఇది కథ కాదు

ఇవన్నీ కల్పనలే గదా అని మీరనవచ్చు. జపాను దేశంలో హిరోషి ఇషిగురో అనే ఆచార్యుడున్నారు. ఆయన 2006లో అచ్చంగా తన రూపంలోనే ఒక మరమనిషిని తయారు చేయించారు. దాని పేరు జెమినాయిడ్. లాటిన్ భాషలో "జెమినుస్" అంటే కవలవాడు. దూరాన ఒక గదిలో కూర్చుని ఆయన మాట్లాడితే, ఇక్కడ బొమ్మ పెదవులు కదిపి అదే గొంతుతో మాట్లాడుతుంది.

ఏళ్లు గడిచాయి. మనిషికి వయసు మీద పడుతుంది. బొమ్మకు పడదు. ఇద్దరికీ పోలిక తప్పిపోసాగింది. అప్పుడు ఏం చేశారు? బొమ్మ ముఖం మార్చడానికి బదులు, తన ముఖానికే చికిత్సలు చేయించుకుని బొమ్మకు దగ్గరగా వచ్చారని పత్రికలు రాశాయి. ఆయన పెద్ద శాస్త్రజ్ఞుడు, మనిషంటే ఏమిటో తెలుసుకోవాలనే ఈ పని చేస్తున్నానని చెబుతారు. ఆయనను తప్పు పట్టడం మన పని కాదు. కాని జరిగినది చూడండి. మొదట మనిషిని చూసి బొమ్మను చేశారు. తర్వాత బొమ్మను చూసి మనిషి మారవలసి వచ్చింది.

కీర్తనకారుడు విగ్రహాల గురించి సరిగ్గా ఇదే హెచ్చరిక చేశాడు. మనుషుల చేతులు చేసిన ఆ విగ్రహాలకు నోరున్నా పలకవు, కళ్లున్నా చూడవు అని చెప్పి, వాటిని చేసినవారు చివరకు వాటివంటివారే అవుతారని ముగించాడు (కీర్తన 115:4-8).

శ్రీసభ ఏమి చెబుతున్నది?

యంత్రాలను చూసి శ్రీసభ భయపడదు. 13వ శతాబ్దపు పునీత మహా ఆల్బర్టు వారు మొక్కలను, రాళ్లను, జంతువులను శ్రద్ధగా పరిశీలించిన పండితులు. 1941లో పన్నెండవ భక్తినాథ పోపు గారు ఆయనను ప్రకృతి శాస్త్రజ్ఞులకు పాలక పునీతునిగా ప్రకటించారు. ఆయన మాట్లాడే లోహపు బొమ్మను చేశారని, దాని వాగుడు భరించలేక శిష్యుడైన పునీత తోమా అక్వినాసు వారు దాన్ని పగులగొట్టారని ఐరోపాలో ఒక కట్టుకథ ఉంది. అది కథే గాని చరిత్ర కాదు. అయినా గురువు యంత్రం చేయడం, శిష్యుడు ఇది మనిషి కాదని తేల్చడం అనే ఆ ఊహలో సొగసు ఉన్నది.

ఆ తోమా వారి పండుగ రోజైన జనవరి 28న, 2025లో, వాటికన్ నుండి "ఆంతీక్వా ఎత్ నోవా" అనే పత్రం వెలువడింది. "పాతవి, కొత్తవి" అని దాని అర్థం. కృత్రిమ మేధ గురించి, మానవ మేధ గురించి చెప్పే పత్రం అది. యంత్రాన్ని వ్యక్తిగా చూపించి మనుషులను భ్రమపెట్టడం తగదని అందులో స్పష్టంగా ఉంది. పై కీర్తననే గుర్తుచేస్తూ, పాత విగ్రహాలు మాట్లాడలేదు గాని కొత్త యంత్రం మాట్లాడుతున్నట్టు కనిపిస్తుంది కనుక దాని ఆకర్షణ ఇంకా ఎక్కువని హెచ్చరించింది. అలా పూజలందుకునేది చివరకు యంత్రం కాదు, మనిషి తనను తానే పూజించుకుంటాడని చెప్పింది.

అదే సంవత్సరం మే 8న ఎన్నికైన పదునాల్గవ లియో పోపు గారు ఆ పేరు ఎందుకు తీసుకున్నారో కార్డినళ్లకు వివరించారు. 1891లో పదమూడవ లియో పోపు గారు కర్మాగారాల కార్మికుల పక్షాన లేఖ రాసినట్లే, నేడు కృత్రిమ మేధ వల్ల మానవ గౌరవానికి, న్యాయానికి, శ్రమకు ఎదురవుతున్న సవాళ్లకు శ్రీసభ సమాధానం చెప్పాలని వారి భావం.

ఇప్పుడు మన కుర్రవాడి ప్రశ్నకు జవాబు వెతుకుదాం. దేవుడు మనిషిని తన రూపంలో, తన పోలికలో సృష్టించాడని ఆదికాండము చెబుతున్నది (ఆది 1:26-27). దేవునికి కన్నూ ముక్కూ లేవు గదా. మరి ఆ పోలిక ఎక్కడుంది? 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం 357వ పేరాలో దీనికి సమాధానం ఉంది. మనిషి ఒక వస్తువు కాదు, ఒక వ్యక్తి. తనను తాను ఎరుగగలడు. తన మీద తనకు అధికారం ఉంది. తనను తాను స్వేచ్ఛగా ఇతరులకు ఇచ్చుకోగలడు. దేవునితో మాట్లాడగలడు. పోలిక అంటే ఇది. అది ముఖంలో లేదు, ప్రేమించగల స్వేచ్ఛలో ఉన్నది.

మరమనిషి "నిన్ను ప్రేమిస్తున్నాను" అనగలదు. అనమని నేర్పితే వెయ్యిసార్లు అంటుంది. అనకుండా ఉండే స్వేచ్ఛ దానికి లేదు. కాదనడానికి వీలులేని చోట అవుననడానికి విలువ లేదు. మన ప్రథమ తల్లిదండ్రులు దేవుని మాట కాదన్నారు. ఆ పాపం ఎంత ఘోరమైనదైనా, దేవుడు చేసినది బొమ్మలను కాదని దానివల్లనే తెలుస్తున్నది. మరియతల్లి దేవదూతతో తన సమ్మతి తెలిపినప్పుడు పరలోకం సంతోషించినది కూడా అందుకే. ఆమె కాదనగలిగి ఉండి అవునన్నది.

ఇంకొక సంగతి. విశ్వాస సంగ్రహంలో మనం సుతుడైన దేవుని గురించి ఆయన జనించినవాడే గాని చేయబడినవాడు కాడని ఒప్పుకుంటాం. 325లో నీసియా మహాసభ పితరులు ఈ తేడా కోసం ఎంతో పోరాడారు. కనడం వేరు, చేయడం వేరు. కుమ్మరి కుండను చేస్తాడు, కుండ కుమ్మరి కాదు. తల్లి బిడ్డను కంటుంది, బిడ్డ ఆమెవంటి మనిషే. మరమనిషి మనం చేసినది. ఎంత మన ముఖం పెట్టినా కుండల జాతిదే గాని మన జాతిది కాదు.

మరి మన పిల్లల సంగతేమిటి? సత్యోపదేశం 366వ పేరా చెప్పేది ప్రతి తల్లీ తండ్రీ గోడ మీద రాసి పెట్టుకోదగినది. ప్రతి ఆత్మనూ దేవుడే నేరుగా సృష్టిస్తాడు. తల్లిదండ్రులు దాన్ని తయారు చేయరు. దేహాన్ని మన ద్వారా ఇస్తాడు, ఆత్మను తానే ఊదుతాడు.

కనుక ఆ కుర్రవాడికి మరుసటి ఆదివారం ఇలా చెప్పాను. "నాయనా, రోబో దేవునికి మనవడు కాడు. అసలు దేవునికి మనవలే లేరు. మీ నాన్నా దేవుని బిడ్డే, నువ్వూ దేవుని బిడ్డవే. నువ్వు మీ నాన్న ద్వారా వచ్చావు గాని, దేవునికి ఆయన ఎంత దగ్గరో నువ్వూ అంతే దగ్గర." వాడు కాసేపు ఆలోచించి, "అయితే మా నాన్నా నేనూ దేవుని దగ్గర అన్నదమ్ములమా మాస్టారూ?" అన్నాడు. ఈసారి నేను నవ్వలేదు.

గొడ్డలి, కుమ్మరి సారె

గొడ్డలి సంగతి తర్వాత మాట్లాడుకుందామన్నాను. తాను చేసినది తన మాట జవదాటగానే వశీకరన్ దాన్ని నరికి పారవేయించాడు. తన పేరు నిలబెట్టడానికి చేసిన బొమ్మ తన పేరు చెడగొట్టింది కనుక, ఆయన లెక్కలో అది సబబే.

మన సృష్టికర్త అలా చేయలేదు. యిర్మీయా ప్రవక్తను దేవుడు కుమ్మరి ఇంటికి పంపిన సంగతి చదవండి (యిర్మీయా 18:1-6). సారె మీద కుండ చెడిపోతే కుమ్మరి ఆ మట్టిని పారవేయడు. అదే మట్టిని మళ్లీ ముద్ద చేసి, మళ్లీ సారె మీద పెడతాడు. మనలోని దేవుని పోలిక పాపం వల్ల మసకబారినప్పుడు, దాన్ని సరిచేయడానికి దేవుడు ఏకంగా తన కుమారుణ్ణే మన రూపంలో పంపాడు. ఆయన తన్నుతాను రిక్తుని చేసుకుని సేవకుని రూపం ధరించాడని పునీత పౌలు రాశాడు (ఫిలిప్పీ 2:6-8).

శాస్త్రజ్ఞుడు తన ముఖాన్ని బొమ్మకు ఇచ్చాడు. దేవుడు మన ముఖాన్ని తాను తీసుకున్నాడు. ఆ ముఖం మీద ఉమ్మివేసినా, ముళ్లకిరీటం పెట్టినా గొడ్డలి ఎత్తలేదు.

మన ఇళ్లలోని మరమనుషులు

ఇంతవరకు చదివి, మనకు ఈ రోబోలతో ఏం పని అనుకోకండి. మరమనిషిని చేయడానికి ప్రయోగశాల అక్కరలేదు. మన ఇంటి వసారాలో కూడా చేయవచ్చు.

"నేను పొగాకు బ్యారన్ దగ్గర పొగ తిన్నాను, నా కొడుకు ఇంజనీరు కావలసిందే" అంటాడొక తండ్రి. "నాకు చదువుకునే రాత లేదు, నా కూతురు డాక్టరై తీరాలి" అంటుంది ఒక తల్లి. కొల్లేటి లంకల్లో చేపల చెరువు మీద అప్పు తెచ్చి, పదో తరగతి కాగానే పిల్లవాణ్ణి దూరపు హాస్టల్లో చేర్చుతారు. ఆ కష్టం వెనుక ప్రేమ ఉంది, సందేహం లేదు. కాని ఆ పిల్లవాడికి ఏమిష్టమో ఒక్కసారైనా అడిగామా? మనం కాలేకపోయినదాన్ని వాడి చేత చేయించడమంటే, మన ముఖం తీసుకుపోయి వాడికి తగిలించడమే.

మార్కులు తగ్గినప్పుడు ఏం జరుగుతున్నదో మీకు తెలియనిది కాదు. 2019లో తెలంగాణలో, 2023లో మన రాష్ట్రంలో ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజుల్లో పలువురు పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఒక్కొక్కరి బాధకు ఒక్కొక్క కారణం ఉంటుంది, మనం తీర్పు తీర్చరాదు. ఆ తల్లిదండ్రుల కోసం ప్రార్థించాలి. కాని తప్పిన రోజున కూడా ఇంట్లో తన చోటు తనకు ఉంటుందని మీ బిడ్డకు తెలుసా? ఈ ప్రశ్న మాత్రం ఫలితాలు రాకముందే వేసుకోవాలి. బొమ్మకైతే పరీక్ష తప్పితే చెత్తకుప్ప. బిడ్డకు అలా ఉండరాదు.

నేనూ ఈ తప్పు చేసినవాడినే. నేను ఉపాధ్యాయుణ్ణి కనుక నా కొడుకూ ఉపాధ్యాయుడే కావాలన్నాను. వాడి చేతులేమో ఎప్పుడూ మోటార్ల మీదే. పాడైన పంపుసెట్టు కనిపిస్తే అన్నం కూడా మరచిపోయేవాడు. నాలుగేళ్లు మా ఇద్దరి మధ్య సరైన మాట లేదు. చివరకు మా విచారణ గురువులు సత్యోపదేశం తెరచి 2230వ పేరా నా చేత చదివించారు. పెద్దవారైన పిల్లలకు తమ వృత్తిని, జీవితాన్ని ఎంచుకునే హక్కూ బాధ్యతా ఉన్నాయని, తల్లిదండ్రులు సలహా చెప్పాలే గాని ఒత్తిడి చేయరాదని అందులో ఉంది. ముప్పై ఏళ్లు జ్ఞానోపదేశం చెప్పిన నేను ఆ పేరా దాటి వెళ్లానే గాని చదవలేదు. ఇప్పుడు వాడికి మోటార్ల మరమ్మతు దుకాణం ఉంది. గుడిలో మైకు మొరాయిస్తే వాడే వచ్చి బాగుచేస్తాడు.

పునీత జోజప్పగారిని చూడండి. బాలయేసుకు తన వడ్రంగి పని నేర్పారు. ప్రభువును ఊరివారు వడ్లవాడని పిలిచారంటే (మార్కు 6:3) ఆ విద్య ఎంత బాగా అబ్బిందో తెలుస్తుంది. కాని పన్నెండేళ్ల బాలుడు దేవాలయంలో దొరికి, నేను నా తండ్రి పని మీద ఉండాలి గదా అన్న భావంతో మాట్లాడినప్పుడు, ఆ మాట వారికి అర్థం కాలేదని సువిశేషమే చెబుతున్నది (లూకా 2:48-51). అర్థం కాకపోయినా జోజప్పగారు కోప్పడలేదు. మరియతల్లి ఆ మాటలను మనసులో పదిలపరచుకుంది. బిడ్డ మనకు అర్థం కాని చోట ఏం చేయాలో పవిత్ర కుటుంబం నేర్పిన పాఠం ఇది.

అలాగని పిల్లలను ఇష్టానికి వదిలేయమని కాదు. ప్రార్థన నేర్పాలి, తప్పు దిద్దాలి, క్రమశిక్షణ ఉండాలి. దిద్దడం కుమ్మరి చేయి. మన అచ్చులో కూరడం అచ్చుపెట్టె పని.

తాడేపల్లిగూడెంలో 2015లో నిట్ విద్యాసంస్థ వచ్చింది. ఏలూరులో ఇంజనీరింగ్ కళాశాలలు ఉన్నాయి. మన విచారణల పిల్లలే కొందరు రేపు మరమనుషులను తయారు చేస్తారు. చేయనివ్వండి. వరిచేలో మందు కొట్టే యంత్రం, రోగిని లేపి కూర్చోబెట్టే యంత్రం దేవుడిచ్చిన తెలివికి ఫలాలే. యంత్రాన్ని మనిషిగా, మనిషిని యంత్రంగా చూడకుండా ఉంటే చాలు.

కుటుంబంలో చర్చించుకోవడానికి

1. మన ఇంట్లో ఎవరి పోలిక ఎవరికి వచ్చింది? ముఖం కాక, మంచి గుణాల్లో పోలికలు చెప్పండి.

2. పిల్లలారా, అమ్మా నాన్నలకు చెప్పడానికి జంకుతున్న మీ ఇష్టం ఏదైనా ఉందా? తల్లిదండ్రులారా, వారు చెప్పేది పూర్తయ్యేవరకు మధ్యలో మాట్లాడకుండా వినగలరా?

3. ఆదికాండము 1:26-31, కీర్తన 115 కలిసి చదవండి. దేవుడు చేసినవాటికి, మనుషులు చేసినవాటికి తేడా ఏమిటి?

ఈ వారం తీర్మానం

జ్ఞానస్నానం రోజు గుడి ముందరి మాటలతో ఈ పాఠం మొదలుపెట్టాను. ఆ రోజు గుడిలో అంతకుముందే జరిగినది గుర్తు చేసుకోండి. గురువు బిడ్డ నుదుట సిలువ గుర్తు వేస్తారు. తర్వాత తల్లిదండ్రుల చేత, జ్ఞాన తల్లిదండ్రుల చేత కూడా వేయిస్తారు. ముక్కు మేనత్తదా, చెవులు తాతవా అని మనం చూడకముందే, ఆ ముఖం క్రీస్తు ప్రభువుదని శ్రీసభ గుర్తు పెడుతుంది.

ఈ వారం ప్రతి రాత్రి మీ పిల్లలు నిద్రపోయే ముందు వారి నుదుట సిలువ గుర్తు వేయండి. పెద్ద పిల్లలైతే మొదటి రోజు సిగ్గుపడతారు, ఫరవాలేదు. హాస్టల్లో ఉన్నవారికి ఫోనులోనైనా దీవెన చెప్పండి. ఆ రాత్రి మార్కుల సంగతి మాత్రం ఎత్తకండి.